అమానతు గీటురాయిపై 1967 రాష్ట్రపతి ఎన్నిక

ఇస్లాం దృష్టిలో అధికార పదవి ఒక అమానతు. అనగా నమ్మి అప్పగించిన సొత్తు. దానిని అర్హుని చేతికి అప్పగించడం అప్పగించేవారి బాధ్యత. బంధుప్రీతికి గాని, మనవాడన్న అభిమానానికి గాని ఇందులో తావు లేదు. సామర్థ్యము, విశ్వసనీయత - ఈ రెండే చూడదగినవి. ఈ గీటురాయిపై పరిశీలించదగిన ఘట్టాలలో 1967 నాటి భారత రాష్ట్రపతి ఎన్నిక ఒకటి.

ఆ సంవత్సరం ఫిబ్రవరిలో జరిగిన సాధారణ ఎన్నికలలో కాంగ్రెసు పక్షం బాగా దెబ్బతిన్నది. లోక్‌సభలోని 520 స్థానాలలో 283 మాత్రమే దక్కాయి. ఎనిమిది రాష్ట్రాలలో ఆధిక్యం పోయింది. రాష్ట్రపతిని ఎన్నుకొనేది పార్లమెంటు సభ్యులతోపాటు రాష్ట్ర శాసనసభ్యులు కూడా. ఆనాడు పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576, ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 125. కనుక రాష్ట్రాలలోని ఓటమి ఢిల్లీ పీఠాన్ని కూడా కదిలించగలదని ప్రతిపక్షాలు ఆశించాయి.

కాంగ్రెసు అభ్యర్థి ఉపరాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన 1897లో హైదరాబాదులో జన్మించారు. తండ్రి అక్కడ న్యాయవాది. ఆయన మరణానంతరం కుటుంబం ఉత్తరాదిన స్వస్థలమైన కాయంగంజ్ చేరింది. 1920లో గాంధీజీ పిలుపు నందుకొని అలీగఢ్ కళాశాల వదలి, జామియా మిల్లియా ఇస్లామియా స్థాపనలో పాలుపంచుకొన్నారు. బెర్లిన్‌లో డాక్టరేటు పొంది వచ్చి, 1926 నుండి 1948 వరకు ఆ సంస్థ భారం వహించారు. నిధులు లేని ఆ రోజులలో నెలకు 150 రూపాయలకు మించని జీతంతో ఇరవై ఏండ్లు పనిచేస్తామని జామియా సేవకులు ప్రతిజ్ఞ చేశారు. విశ్వసనీయతకు ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు.

ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థి కోకా సుబ్బారావు. ఆయన 1902లో రాజమహేంద్రవరంలో జన్మించిన ఆంధ్రుడు. 1954లో గుంటూరులో నెలకొన్న ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1966లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయినారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తులలో ఆరుగురి మెజారిటీతో వెలువడిన తీర్పు ఆయన కీర్తికి మూలం. ప్రాథమిక హక్కులను హరించే రాజ్యాంగ సవరణ చేసే అధికారం పార్లమెంటుకు లేదని అది ప్రకటించింది.

ఇక్కడ విజ్ఞులు నిలిచి ఆలోచించవలసిన విషయ మొకటున్నది. ముస్లిమును ఎన్నుకొంటే ముస్లిములకు మేలు, ఆయన ప్రత్యర్థి గెలిస్తే కీడు అన్న లెక్క నిలువదు. మత స్వాతంత్ర్యము, అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను నడుపుకొనే హక్కు కూడా ప్రాథమిక హక్కులలోనివే. పార్లమెంటులోని ఏ ఆధిక్యానికీ అందకుండా వాటికి గోడ కట్టినది సుబ్బారావు తీర్పే. అయితే ఆ గోడ ఆస్తి హక్కును కూడా కాచింది. అప్పటికే జరిగిన భూసంస్కరణలను తీర్పు కదల్చకున్నా, మున్ముందు వాటికి అడ్డంకి అవుతుందని విమర్శకులు భయపడినారు.

అభ్యంతరాలు రెండు వైపులా వినిపించాయి. ప్రధాన న్యాయమూర్తి ఏప్రిల్ 11న రాజీనామా చేసి, వెంటనే రాజకీయ పక్షాల అభ్యర్థిగా నిలవడం న్యాయపీఠం గౌరవానికి తగునా అని కొందరడిగారు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. జాకిర్ హుసేన్ పాలకపక్షం ఎంపిక చేసిన మృదుస్వభావి, అవసరమైనప్పుడు మంత్రివర్గాన్ని నిలదీయగలరా అని మరికొందరడిగారు. ఇదీ న్యాయమైన ప్రశ్నే. అయితే ముస్లిము గెలువగలడా అన్న శంక కాంగ్రెసులోనే కొందరిని పీడించింది. అది అర్హతకు సంబంధించిన ప్రశ్న కాదు. ఓటు వేసేవారి మనస్సుకు సంబంధించినది.

మే 6న పోలింగు జరిగింది. నామినేషన్లకు ధరావతు నిబంధన ఇంకా లేనందున 17 మంది రంగంలో నిలిచారు. జాకిర్ హుసేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 విలువగల ఓట్లు లభించాయి. ప్రథమ ప్రాధాన్య ఓట్లతోనే ఫలితం తేలిపోయింది. శంక తీరిపోయింది. మే 13న ప్రమాణ స్వీకారం చేసిన జాకిర్ హుసేన్, భారతదేశమంతా తన ఇల్లని, ప్రజలందరూ తన కుటుంబమని చెప్పుకొన్నారు.

ఆయన 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. తాను పెంచిన జామియా ఆవరణలోనే ఆయన సమాధి ఉన్నది. 1988లో ఆ సంస్థ కేంద్ర విశ్వవిద్యాలయమైనది. 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు గోలక్‌నాథ్ తీర్పును తిరగవ్రాసింది. కాని పార్లమెంటు సవరణాధికారానికి హద్దు ఉన్నదన్న భావాన్ని విడనాడలేదు. రాజ్యాంగ మౌలిక స్వరూపం మార్చరానిదని నిర్ణయించింది. సుబ్బారావు ఎన్నికలో ఓడినా, ఆయన వాదనలోని సారం ఆ విధంగా నిలిచింది.

ఈ ఫలితాన్ని ఒక మతవర్గానికి చేసిన ఉపకారంగా వర్ణించడం గెలిచినవారికీ ఓడినవారికీ అన్యాయం చేయడమే. గెలిచినవారు పాఠశాలతో, ఓడినవారు న్యాయపీఠంతో తమ అర్హతను ముందే సంపాదించుకొన్నారు. ఆనాటి ఓటర్ల ముందున్నది ఇద్దరు అర్హులలో అమానతు ఎవరి చేతికి అప్పగించాలన్న ప్రశ్న. అటువంటి ప్రశ్న ఎదురుకావడం ఏ దేశానికైనా అదృష్టమే.