కంప్యూటర్‌పై చాయ్ ఒలికిందా? ముందు ప్లగ్ పీకండి

సీపీయూ మీద నీళ్లో చాయో పడితే షట్‌డౌన్ అయ్యేదాకా ఆగొద్దు. పొడి చేతులతో గోడ స్విచ్ ఆపి ప్లగ్ పీకేయండి. తర్వాత పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన కరెంటు పోతుంది.

ఆరబెడితే సరిపోతుందనుకోవద్దు. పశ్చిమ ప్రకాశంలో చాలాచోట్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్, లవణాలు ఎక్కువ. నీళ్లు ఆరినా ఆ తెల్లపొర మదర్‌బోర్డుపైనే ఉండి, తేమ తగిలితే షార్ట్ చేస్తుంది. చాయ్, షర్బత్‌లోని చక్కెర ఇంకా మొండిది. మార్కాపురంలో పలకల దుమ్ము పట్టిన కేబినెట్ అయితే లోపలంతా బురదే!

ర్యామ్, నాణెంలాంటి 3 వోల్టుల బ్యాటరీ, హార్డ్‌డిస్క్ తీసేయండి. బోర్డును మెత్తని బ్రష్‌తో, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 2 రోజులు ఫ్యాన్ కింద ఉంచండి. ఎస్‌ఎంపీఎస్ తడిస్తే మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా షాక్ కొడుతుంది. కొత్తది వేయించడమే మేలు.

ఒక్క ర్యామ్‌తోనే ఆన్ చేసి చూడండి. ఫ్యాన్ తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే మెకానిక్‌కు చూపించండి. హార్డ్‌డిస్క్ ఇంట్లోనే ఉంచుకోండి. షాపు లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు ఉండేది దాంట్లోనే కదా.