తుపాకి కాల్చింది, కలం పూడ్చింది

అమెరికా అంతర్యుద్ధం ముగిశాక, 1865 నుండి 1877 వరకు సాగిన పునర్నిర్మాణ కాలంలో దక్షిణాది నల్లజాతి ప్రజలు ఓటు హక్కు పొందారు, శాసనసభల్లో కూర్చున్నారు, ప్రభుత్వోద్యోగాలు నిర్వహించారు. 1877లో ఫెడరల్ సైన్యం తప్పుకోగానే భూస్వామ్య వర్గం ఈ హక్కులను ఒక్కొక్కటే కాజేసింది. అయినా పదవుల్లో మిగిలిన కొద్దిమంది గతి ఏమిటి? 1898 సంవత్సరం ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది.

దక్షిణ కరొలీనాలో లేక్ సిటీ చిన్న ఊరు. బడిపంతులుగా పనిచేసిన ఫ్రేజియర్ బేకర్ 1897లో అక్కడ పోస్టుమాస్టరయ్యాడు. ఉత్తరాలు అందించడానికి మించిన అధికారమేదీ అతనికి లేదు. కాని తెల్లవాడు తన ఉత్తరం కోసం నల్లవాడి ముందు నిలబడవలసి వచ్చింది. అదే నేరమైంది! మొదట మహజర్లు వెళ్ళాయి. తర్వాత పోస్టాఫీసు తగలబడింది. బేకర్ తన ఇంటినే పోస్టాఫీసు చేసుకున్నాడు. 1898 ఫిబ్రవరి 22న మూక ఆ ఇంటికి నిప్పంటించి కాల్పులు జరిపింది. బేకర్, అతని పసికూతురు మరణించారు. ఐడా బి. వెల్స్ అధ్యక్షుడు మెకిన్లీని స్వయంగా కలిసి న్యాయం కోరింది. 1899లో విచారణ జరిగింది. జూరీ ఏకాభిప్రాయానికి రాలేదు; ఎవరికీ శిక్ష పడలేదు.

1898 నవంబరు 10న ఉత్తర కరొలీనాలోని విల్మింగ్టన్‌లో ఏకంగా నగరపాలక సంఘాన్నే కూల్చారు. ఆ రాష్ట్రంలో పేద తెల్లరైతుల పాపులిస్టు పార్టీ, నల్లజాతి ఓటర్లు బలపరిచే రిపబ్లికన్ పార్టీతో చేతులు కలిపింది. ఈ ఐక్యతే సంపన్నులను భయపెట్టింది. సాయుధ మూక అలెగ్జాండర్ మాన్లీ నడిపే నల్లజాతి పత్రిక కార్యాలయాన్ని తగలబెట్టింది. ఎందరో నల్లజాతివారిని చంపింది. తెల్లవారని, నల్లవారని చూడకుండా నగరపాలకులచేత బలవంతంగా రాజీనామా చేయించింది. మూక నాయకుడు వాడెల్ ఆనాడే మేయరయ్యాడు.

తుపాకి పని అక్కడితో అయింది. ఇక కలం పని మొదలైంది. ఈ కుట్రకు ‘జాతుల అల్లర్లు’ అని పేరు పెట్టారు. నల్లజాతి రచయిత ఛార్లెస్ చెస్నట్ 1901లో ‘ది మారో ఆఫ్ ట్రెడిషన్’ నవల రాసి, అల్లరి వెనుక ఉన్న పథకాన్ని బయటపెట్టాడు. అది అమ్ముడుపోలేదు. 1902లో థామస్ డిక్సన్ ‘ది లెపర్డ్స్ స్పాట్స్’ నవలలో తెల్లజాతి ఆధిపత్యాన్ని వీరగాథగా మార్చాడు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. పాఠకాదరణే సాహిత్యానికి గీటురాయి అనేవారికి ఇంతకన్నా గట్టి సమాధానం అక్కరలేదు.

విల్మింగ్టన్ ఘటన ముందుగా పన్నిన కుట్రేనని ప్రభుత్వ సంఘం 2006లో తేల్చింది. 2019లో లేక్ సిటీ పోస్టాఫీసుకు బేకర్ పేరు పెట్టారు. ఒక రచయిత మూడేళ్ళలో చెప్పిన నిజాన్ని ఒప్పుకోవడానికి రాజ్యానికి నూరేళ్ళకు పైగా పట్టింది.