బరానగర్‌లో మన గోదావరి జంతువులు

కోల్‌కతాకు ఉత్తరాన బరానగర్. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గేటు దాటితే బీటీ రోడ్డు హారన్ల మోత కాస్త వెనకబడుతుంది. ఇది లెక్కల వాళ్ల చోటు. మనం వెతుక్కుంటూ వచ్చింది మాత్రం వీళ్ల భూగర్భశాస్త్ర మ్యూజియాన్ని. లోపలికి రాగానే కళ్లకు ఎదురయ్యేవి కాళ్లే. తల కొంచెం ఎత్తితే పక్కటెముకలు, ఇంకా ఎత్తితే మెడ. ఇదే బరపాసారస్ టాగోరై అనే డైనోసార్.

తొడ ఎముక పక్కనే నిలబడి చూడండి. తవ్వకాల్లో మొదట దొరికిన వాటిలో ఒక తొడ ఎముక 1.7 మీటర్ల పైనే ఉంది. అంటే మనలో చాలామందికంటే ఎక్కువ పొడుగు. తవ్వకాలు ఊపందుకున్న 1961 రవీంద్రుడి శతజయంతి ఏడాది కావడంతో ఆయన పేరు పెట్టారు. ఎముకలు మాత్రం బెంగాల్‌వి కావు. ప్రాణహిత, గోదావరి లోయలో, సిరొంచా ప్రాంతపు పోచంపల్లి దగ్గర దొరికాయి (చీరల పోచంపల్లి కాదు, అది వేరే). జురాసిక్ కాలపు రాళ్లలో, పెద్ద పెద్ద చెట్ల మొద్దులతో కలగలిసి సుమారు 300 ఎముకలు. కనీసం ఆరు జంతువులవి. ఏదో వరద వాటిని ఒకచోటికి ఈడ్చుకొచ్చి ఉంటుందని ఒక అంచనా. కాబట్టి ఎదురుగా నిలబడ్డది ఒక్క జంతువు కాదు, ఒక మందలోంచి కూర్చిన శరీరం. తల దగ్గర ఎక్కువసేపు ఆగకండి. కొన్ని పళ్లు తప్ప పుర్రె దొరకనే లేదు. అక్కడ కనిపించేది ఊహే.

నన్నడిగితే ఈ భారీకాయం కన్నా పారసూకస్ అనే సరీసృపం కథే గొప్పది. చూపుకి అచ్చం మొసలే, కానీ ముక్కు రంధ్రాలు మూతి చివర ఉండవు, కళ్లకు కాస్త ముందుంటాయి. ఆసిఫాబాద్ వైపు మాలేరి ఎర్రమట్టిలో రెండు అస్థిపంజరాలు దొరికాయి. వయసు 20 కోట్ల ఏళ్లకు పైమాటే. వాటి పొట్ట భాగంలో ఇంకో చిన్న సరీసృపం ఎముకలున్నాయి. 1980లో పురాజీవ శాస్త్రవేత్త శంకర్ ఛటర్జీ దానికి మాలేరిసారస్ అని పేరు పెట్టారు. ఆఖరి భోజనం ఒక కొత్త జీవిని శాస్త్రానికి పరిచయం చేసిందన్నమాట! అది కూడా మన ఊరి పేరుతో.

లెక్కల సంస్థకు ఎముకలెందుకు అనిపిస్తుంది. సంస్థను స్థాపించిన మహలనోబిస్‌కి శాస్త్రాల మధ్య హద్దుల మీద నమ్మకం లేదు. 1950లలో లండన్ నుంచి పురాజీవ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్‌ని పిలిపించి భూగర్భశాస్త్ర విభాగానికి బాట వేయించారు. గోదావరి లోయలో వెతుకులాట అలా మొదలైంది.

అంత దూరం వెళ్లలేని వాళ్లు హైదరాబాద్ నౌబత్ పహాడ్ ఎక్కండి. యామనపల్లిలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అక్కడి బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పిల్లల్ని తీసుకెళ్లండి. ఇవి మన గోదావరి జంతువులని వాళ్లకి చెప్పండి.