ఒంటరి పుంజు చెప్పిన చరిత్ర

ఉగాది అనగానే మనకు కోయిల గుర్తొస్తుంది. అయితే వసంతంలో గొంతెత్తే పక్షి కోయిల ఒక్కటే కాదు. నేలమీదే గూడు పెట్టుకుని బతికే గడ్డిమైదానపు పక్షులు కూడా ఈ రోజుల్లోనే జత కోసం పిలుస్తాయి. మనం స్థిరపడిన ఈ అమెరికాలో అటువంటి పక్షి ఒకటి మనుషుల కళ్ళెదుటే, తేదీలతో సహా లెక్క తెలిసి మరీ, అంతరించిపోయింది. దాని పేరు హీత్ హెన్. కర్నూలు జిల్లావాణ్ణి కావడం వల్ల ఈ కథ నాకు పరాయిదిగా తోచలేదు. కారణం చివర మనవి చేస్తాను.

హీత్ హెన్ ప్రెయిరీ చికెన్ జాతిలో ఒక శాఖ. మన నాటుకోడి పెట్టంత ఉంటుంది. ఒంటినిండా గోధుమరంగు చారలు. వసంతంలో తెల్లవారుజామున పుంజులన్నీ ఒక బయలులో చేరి, మెడకు రెండువైపులా నారింజరంగు తిత్తులు ఉబ్బించి, కాళ్ళు టపటపలాడిస్తూ బుంగలో ఊదినట్టు ధ్వని చేసేవి. పెట్ట వెళ్ళి పొదల చాటున నేలమీద గుడ్లు పెట్టి పొదిగేది. కదలకుండా కూర్చోవడమే దానికున్న రక్షణ. రంగు గడ్డిలో కలిసిపోయేది గనుక నక్క పక్కనుంచి పోయినా కనిపెట్టడం కష్టం.

తెల్లవారు వలస వచ్చిన తొలిరోజుల్లో తూర్పుతీరం పొడవునా ఈ పక్షి విస్తారంగా ఉండేది. వారానికి రెండు మూడుసార్లకు మించి ఈ మాంసం పెట్టకూడదని పనివాళ్ళు యజమానులతో ముందే ఒప్పందం చేసుకునేవారని చెప్పుకుంటారు. అంత చవకైనదాన్ని ఎవరు కాపాడతారు? అయినా 1791లోనే న్యూయార్క్ శాసనసభ దీని రక్షణకు చట్టం చేసింది. ఆ బిల్లు చదివిన పెద్దమనిషి "హీత్ హెన్" అన్న రెండు మాటలను కలిపి "హీథెన్" అని, అంటే అన్యమతస్థులను కాపాడే బిల్లు అన్నట్టుగా, చదివాడని ఒక సరదా కథ ఉంది. చట్టమైతే వచ్చింది గాని తుపాకులు ఆగలేదు. 1870 ప్రాంతానికి ప్రధాన భూభాగంలో ఈ పక్షి మిగలలేదు. మసాచుసెట్స్ తీరానికి అవతల మార్తాస్ విన్యార్డ్ అనే చిన్న దీవిలో మాత్రం కొన్ని బతికాయి.

1908లో అక్కడ దీనికోసం ప్రత్యేకంగా రక్షితస్థలం ఏర్పాటు చేశారు. అప్పటికి వందకు లోపే ఉన్న పక్షులు, ఏడెనిమిదేళ్ళలో రెండువేల దరిదాపులకు పెరిగాయి. గండం గడిచిందనే అందరూ అనుకున్నారు. ఇంతలో 1916 మే నెలలో, సరిగ్గా పెట్టలు పొదుగుతున్న సమయంలో, పెద్ద కార్చిచ్చు దీవిని చుట్టింది. కదలకపోవడమే రక్షణ అని చెప్పానే, ఆ రక్షణే వాటికి మృత్యువైంది. గుడ్లు పోయాయి, గూళ్ళమీద పెట్టలూ పోయాయి. మిగిలినవాటిలో పుంజులే ఎక్కువ. ఆ చలికాలం డేగలు విరుచుకుపడ్డాయి. పెంపుడు టర్కీ కోళ్ళనుంచి రోగం సోకింది. దగ్గరి రక్తంలోనే జతకట్టడంతో సంతానశక్తి తగ్గింది. 1927 నాటికి పదమూడే మిగిలాయి. అందులో పెట్టలు రెండు.

1928 చివరికి మిగిలింది ఒక్క పుంజు. బౌడిన్ కళాశాల ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ గ్రాస్ దాన్ని ఏటా గమనించి, 1931లో పట్టి కాళ్ళకు గుర్తుకడియాలు వేసి వదిలిపెట్టాడు. వసంతం వచ్చినప్పుడల్లా ఆ పుంజు పాత బయలుకే వచ్చేది. పిలుపు అందుకునే పెట్ట లోకంలో ఎక్కడా లేదు. 1932 మార్చి 11న అది ఆఖరుసారి కనిపించింది.

ఈ చరిత్రలో నాకు ముఖ్యంగా తోచింది ఇది: చట్టం ఉంది, స్థలం ఉంది, డబ్బు ఉంది, శ్రద్ధగల మనుషులూ ఉన్నారు. లేనిది రెండో చోటు. ఉన్న పక్షులన్నీ ఒకే దీవిలో ఉండటంవల్ల ఒక్క నిప్పుతో కథ తిరగబడింది.

దీని దాయాది టెక్సాస్‌లో ఇంకా ఉంది. అట్‌వాటర్ ప్రెయిరీ చికెన్ అనే ఆ పక్షులు ఒకప్పుడు టెక్సాస్, లూసియానా తీరమైదానాల్లో పది లక్షల వరకూ ఉండేవని అంచనా. పొలాలు, ఊళ్ళు ఆ గడ్డినేలను మింగేశాయి. 1972లో హ్యూస్టన్‌కు పడమరగా, ఈగిల్ లేక్ దగ్గర దీనికి రక్షణకేంద్రం పెట్టారు. 1990లలో అడవిలో యాభైకి లోపే మిగలగా, హ్యూస్టన్ జంతుప్రదర్శనశాల వంటి చోట్ల పిల్లల్ని పొదిగించి వదలడం మొదలుపెట్టారు. వదిలినా అడవిలో పుట్టిన పిల్లలు బతకలేదు. దక్షిణ అమెరికానుంచి ఓడల్లో వచ్చిన నిప్పుచీమలు పురుగులన్నిటినీ తినేసి, పిల్లలకు తిండి లేకుండా చేస్తున్నాయని తరువాత తేలింది. చీమల్ని అదుపుచేసిన నేలల్లో పిల్లలు బతకసాగాయి. 2017లో హార్వీ తుపాను వరద మళ్ళీ చాలావాటిని తుడిచిపెట్టింది. కాని ఈసారి కథ ముగియలేదు. వేర్వేరు చోట్ల పెంచుతున్న పక్షులు ఉండబట్టి మళ్ళీ వదలగలిగారు. విన్యార్డ్ నేర్పిన పాఠం టెక్సాస్‌లో పనికొచ్చింది.

ఇక మా జిల్లా సంగతి. నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడులో 1988లో ఒక అభయారణ్యం ఏర్పడింది. అది ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. అభయారణ్యం అన్నమాటేగాని అది అడవి కాదు, గడ్డినేల. బట్టమేక పిట్ట కోసం పెట్టింది. మీటరు ఎత్తు, పుంజైతే పదిహేను కిలోలదాకా తూగే పక్షి. ప్రెయిరీ చికెన్ పది పన్నెండు గుడ్లు పెడుతుంది. ఇదేమో సాధారణంగా కటికనేలమీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పశువు కాలికిందో కుక్క నోటనో పడితే ఆ ఏడాది ఆశ అంతే. జొన్న, వేరుశనగ వంటి మెట్టపైర్ల మధ్య బతకనేర్చిన ఆ పిట్టకు, కాలువనీళ్ళు వచ్చి పైర్లు మారాక చోటు కరువైంది. నీళ్ళు రావడం తప్పని ఏ రైతూ అనడు, నేనూ అనను. రెండింటికీ చోటు చూడవలసిన ఆలోచనే వెనుకబడింది. ఇటీవలి కాలంలో రోళ్ళపాడులో బట్టమేక జాడ దాదాపు లేదు. దేశం మొత్తంమీద మిగిలినవి నూట యాభైకి లోపే, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలో. అక్కడ 2019 నుంచి గుడ్లు సేకరించి పొదిగించి పెంచుతున్నారు. వాటి పిల్లలకు రేపు రెండో చోటు కావాలంటే, గడ్డి మిగిలిన రోళ్ళపాడు వంటి నేలలే దిక్కు.

సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు శ్రీశైలం, మహానంది చూపించే తల్లిదండ్రులు, పిల్లలకు ఒకపూట ఆ గడ్డినేల కూడా చూపించవలసిందిగా కోరుతున్నాను. కృష్ణజింకలు తప్పక కనబడతాయి. బట్టమేకను కళ్ళారా చూసిన పెద్దలు ఆ ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వారు చెప్పింది పిల్లల చేత రాయించండి. ఆ పక్షి ఏ చేలో తిరిగేదో, ఏ నెలలో పిలిచేదో వారికి తెలుసు. దాన్ని తిరిగి తెచ్చే రోజు వస్తే, ముందుగా కావలసింది ఆ వివరమే.