కృష్ణా డెల్టా: లెక్కకు రాని ఒండ్రు

కృష్ణా డెల్టా మీద నూట డెబ్బై ఏళ్ళుగా జరిగిన పరిశీలనలన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. మనం ఈ నదిని నీటితోనే కొలిచాం. ఆ నీటితో కలిసి వచ్చిన ఒండ్రును పట్టించుకోవడానికి చాలా కాలం పట్టింది. తీరా పట్టించుకునేసరికి అది రావడమే దాదాపు ఆగిపోయింది. ఈ ఆలస్యానికి శాస్త్రవేత్తల అశ్రద్ధ కారణమని నేను అనుకోను. ఏ కాలంలో ఎవరికి ఏది అవసరమైతే దాన్నే కొలిచారు. ఒండ్రు కావలసింది మాత్రం డెల్టాకే. డెల్టా తరఫున అడిగేవాళ్ళు లేకపోయారు.

మొదటి అవసరం ఆకలి. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది పోయారని అప్పటి అంచనా. ఆ తర్వాతే కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న మాట గట్టిపడింది. ఇంజనీరు కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855కి బెజవాడ, సీతానగరం కొండల మధ్య ఆనకట్ట పూర్తయింది. ఆ ఇంజనీర్లు అడిగిన ప్రశ్నలు మూడే: నీరు ఎంత ఎత్తుకు లేస్తుంది, ఎన్ని ఎకరాలు తడుస్తాయి, శిస్తు ఎంత వస్తుంది. ఒండ్రు వాళ్ళ కంట పడకపోలేదు, కానీ కాలువల్లో మేటవేసే పీడగానే పడింది. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీయడం ఏటా తప్పని ఖర్చు. అయితే ఆ ఆనకట్ట ఎత్తు తక్కువ. వరద వస్తే బురదతో సహా దాని మీదుగా దూకి సముద్రానికి పోయేది. అందువల్ల మొదటి వందేళ్ళలో తీరానికి పెద్ద నష్టం తెలియలేదు. 1952లో ఆనకట్టకు గండి పడ్డాక ప్రకాశం బ్యారేజీ కట్టారు, 1957కి అందుబాటులోకి వచ్చింది. దానివల్ల ఆయకట్టు స్థిరపడింది. నేడు అది 13 లక్షల ఎకరాలు.

డెల్టాను డెల్టాగా చూసిన చూపు విశాఖపట్నం నుంచి వచ్చింది. 1926లో బెజవాడలోనే పుట్టి తర్వాత వాల్తేరుకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950ల నాటికి భూవిజ్ఞానం, సముద్ర అధ్యయనం వేళ్ళూనుకున్నాయి. అక్కడి పరిశోధకులు వైమానిక చిత్రాల్లో, తర్వాత ఉపగ్రహ చిత్రాల్లో తీరానికి సమాంతరంగా, లోతట్టున సాగిపోయే ఇసుక దిబ్బల వరసలను గుర్తించారు. డెల్టాలో తిరిగినవాళ్ళకు ఇవి కొత్త కాదు. చుట్టూ నల్లరేగడి వరిచేలు, మధ్యలో కాస్త ఎత్తున ఇసుక నేల, దాని మీద తాటిచెట్లు, ఊరు. ఆ దిబ్బల్లో ఒక్కొక్కటీ ఒకప్పటి సముద్రపు ఒడ్డే. సముద్రమట్టం నిలకడపడ్డ సుమారు 6 వేల ఏళ్ళ కిందట తీరం చాలా లోపల ఉండేది. కొల్లేరు అప్పటి ఉప్పునీటి కయ్యకు మిగిలిన గుర్తు. అక్కడి నుంచి ఇవాళ్టి హంసలదీవి దాకా ఉన్న నేలంతా నది ఏటా పోసిన మట్టే. పొలం మనది, పట్టా మనది, కానీ ఆ మట్టి మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ నేలల నుంచి కొట్టుకొచ్చింది.

1960ల నాటికి విజయవాడ దగ్గర కేంద్ర జల సంఘం ఒండ్రు కొలత మొదలుపెట్టింది. పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. నది లోతులో పదింట ఆరు వంతుల దగ్గరికి సీసా దించి నీళ్ళు పట్టడం, వాటిని వడకట్టడం, మిగిలిన మట్టిని ఆరబెట్టి తూయడం. ఆ తూకాలను ఏళ్ళ తరబడి పేర్చుకుంటూ వస్తే 1966-69 మధ్య ఏటా సగటున 90 లక్షల టన్నులు ఉన్న ఒండ్రు 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయిందని తెలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన వ్యాసం ఈ అంకెలను 1965 నుంచి 2008 వరకు తీరరేఖలో వచ్చిన మార్పులతో కలిపి చదివింది. తీరం వెనక్కి జరగడానికి ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడమే ముఖ్య కారణమని తేల్చింది. నిజానికి ఆ 90 లక్షల టన్నులు కూడా నది అసలు సత్తా కాదు. అప్పటికే 1953 నుంచి తుంగభద్ర, 1967 నుంచి నాగార్జునసాగర్ నీటిని ఆపుతున్నాయి. 2009లో జేమ్స్ సివిట్‌స్కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించినప్పుడు కృష్ణను నైలు, కొలరాడో నదుల సరసన, ఒండ్రు చేరడం దాదాపు ఆగిపోయిన వాటిలో చేర్చింది.

ఒండ్రును ఆనకట్టలే ఆపాయన్న ఈ వాదనకు అభ్యంతరాలు ఉన్నాయి, బలమైనవే. 2001 నుంచి 2004 దాకా వరసగా వర్షాభావ సంవత్సరాలు, వరదే లేనప్పుడు ఒండ్రు ఎక్కడి నుంచి వస్తుంది అని అడగవచ్చు. ఆ ఏళ్ళ అంకెలో కరువు వాటా ఉందని ఒప్పుకోవలసిందే. కానీ మిగతా వాటా ఎక్కడికి పోయిందో తుంగభద్ర జలాశయమే చెబుతుంది. 133 టీఎంసీల నిల్వతో మొదలైన ఆ జలాశయం పూడిక వల్ల ఇప్పుడు 105 టీఎంసీల దగ్గర ఉంది. అక్కడ పోగుపడిందంతా కిందికి రావలసిన మట్టి. మరో అభ్యంతరం, సముద్రమట్టమే పెరుగుతోంది కదా అని. పెరుగుతోంది. అందుకే ఒండ్రు మరింత కావాలి. సముద్రం లేచేకొద్దీ తానూ లేవగలిగే నేల డెల్టా, అదీ ఏటా కొత్త మట్టి పడితేనే. మట్టి ఆగితే పాత మట్టి తన బరువుకు తానే అణిగి కుంగుతుంది. అప్పుడు ఉప్పునీరు పాయల వెంట పైకి ఎగదన్నుతుంది, దివిసీమ శివారు భూములు చౌడుబారతాయి, 1977 నాటి ఉప్పెనలాంటిది మళ్ళీ వస్తే అడ్డుకోవడానికి మడ అడవులకు నిలబడే నేల ఉండదు. ఇక మూడో మాట అన్నిటికన్నా బరువైనది: ఆనకట్టలు లేకపోతే అన్నం ఎక్కడిదని. నందన కరువు తెలిసినవాళ్ళెవరూ వాటిని కూల్చమనరు, నేనూ అనను. కానీ అన్నం పెట్టే 13 లక్షల ఎకరాలు నిలబడింది ఒండ్రు మీదే. ఆయకట్టు కోసమే ఆయకట్టు కింది నేలను గాలికొదిలేయడం తెలివైన పని కాదు.

కృష్ణా జల వివాదాలు తీర్చడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్, బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ పంచింది కూడా నీటినే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గంటగంటకూ ఆ అంకె రాష్ట్రమంతా మోగింది. ఆ వరద ఎంత ఒండ్రును తెచ్చింది, పైన ఎంత ఆగిపోయింది అని అడిగినవాళ్ళు అరుదు. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు, జలవనరుల శాఖ నీటి నిల్వలతో పాటు విజయవాడ దగ్గరి ఒండ్రు తూకాన్ని కూడా ఏటా తెలుగులో ప్రజల ముందు పెట్టాలి. పెద్ద వరదలప్పుడు జలాశయాల అడుగు తూముల గుండా ఎంత మట్టిని కిందికి వదలవచ్చో పరీక్షించాలి. డెల్టా రైతు సంఘాలు నీటి విడుదల కోసం ఏటా వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాయి. ఈసారి ఇచ్చే వినతిపత్రంలో ఒండ్రు లెక్కనూ అడగాలని వాటికి నా విన్నపం.