ఆరోగ్యవరంలో క్షయ కాని దగ్గు

హెచ్‌ఐవీతో పాటు పరాన్నజీవి కూడా సోకిన మనిషిలో రోగనిరోధక శక్తి ఎలా పనిచేస్తుందన్నది కొత్త ప్రశ్నలా కనిపిస్తుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన పాఠం మాత్రం చిత్తూరు సీమలో ఎప్పుడో దొరికింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ సంఘాలు కలిసి 1915లో క్షయ శానిటోరియం తెరిచాయి. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్-మోలర్ దాని తొలి సూపరింటెండెంట్. అక్కడికి వచ్చిన కొందరికి రాత్రిళ్లు తెరలు తెరలుగా దగ్గు, పిల్లికూతలు, సన్నటి జ్వరం ఉండేవి. మనిషి చిక్కిపోయేవాడు. ఎక్స్-రేలో ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న మచ్చలు కనిపించేవి. కళ్లెలో మాత్రం క్షయ క్రిములు ఉండేవి కావు. ఇది క్షయను పోలిన వేరే జబ్బని ఆయన, సహరచయిత బార్టన్ కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు.

వాళ్లకు ఆధారం రక్తంలో దొరికింది. రంగు వేసిన రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్రటి రేణువులు నిండిన తెల్లకణాలు కనిపిస్తాయి. అవే ఇయోసినోఫిల్స్. ఘన మిల్లీమీటరు రక్తంలో మామూలుగా 500 దాటనివి ఈ జబ్బులో 3,000కు మించిపోతాయి. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీన్ని ట్రాపికల్ ఇయోసినోఫిలియా అన్నాడు. దీని మూలం బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగేనని తర్వాత తేలింది. 1960లో వేలూరు వైద్యులు ఆ పురుగు పిల్లలను రోగుల ఊపిరితిత్తుల్లో, కాలేయంలో చూపించారు. శరీరం వాటిని అక్కడే పట్టి చంపుతుంది కాబట్టి అవి రక్తంలో దొరకవు. అంటే ఊపిరితిత్తులను పాడుచేసేది ప్రధానంగా పురుగు కాదు, దానిపై శరీరం అతిగా చేసే దాడి. అదే పురుగు మరొకరి రక్తంలో వేలకొద్దీ పిల్లలతో తిరుగుతున్నా ఆ మనిషి ఏ బాధా లేకుండా ఉండవచ్చు. అక్కడ శరీరం దాడిని అణచుకుంది.

ఈ దాడిని రేపడంలోనూ అణచడంలోనూ సీడీ4 అనే తెల్లకణాలదే పెద్ద పాత్ర. 1986లో మద్రాసులో సునీతి సోలమన్ బృందం మన దేశంలో తొలిసారి గుర్తించిన హెచ్‌ఐవీ చంపేది సరిగ్గా వాటినే. అందుకే హెచ్‌ఐవీ ముదిరిన రోగిలో ఇయోసినోఫిల్స్ పెరగలేదని చెప్పి పరాన్నజీవి లేదని తేల్చెయ్యకూడదు. ఎదురు దిశలోనూ సంబంధం ఉంది. ఫైలేరియా ఉన్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకడం ఎక్కువని టాంజానియాలోని ఎంబేయాలో జరిగి 2016లో వెలువడిన అధ్యయనం చూపింది.

ఆరోగ్యవరం రోగులది హెచ్‌ఐవీ లేని కాలం కదా, పోలిక ఎలా కుదురుతుందని అడగవచ్చు. ఇక్కడ పోలిక జబ్బులది కాదు, శరీరం స్పందించే తీరుది. దానికన్నా బలమైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది: కెన్యాలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు నులిపురుగుల మందులు క్రమంగా ఇచ్చి చూస్తే జబ్బు ముదరడం తగ్గలేదని 2012లో తేలింది. ఆ ఫలితాన్ని ఒప్పుకోవాల్సిందే. పురుగు మందు హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్సకు (ఏఆర్‌టీకి) ప్రత్యామ్నాయం కాదు. కానీ అక్కడ పురుగు ఉందా లేదా అని చూడకుండా మందులు తీసుకున్న గుంపులో అందరికీ ఒకే తీరున ఇచ్చారు. ఎవరిలో ఏ పురుగు ఉంది, శరీరం దానికెలా స్పందిస్తోంది అన్న ప్రశ్నకు ఆ ఫలితం జవాబు చెప్పదు. ఫ్రిమాట్-మోలర్ అందరి దగ్గునూ ఒకే గాటన కట్టి ఉంటే ఆ జబ్బు క్షయ లెక్కల్లోనే కలిసిపోయేది. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా హెచ్‌ఐవీ రోగికి సీడీ4 లెక్కతో పాటు అతని ఊరు, పని అడిగి, అవసరాన్ని బట్టి మలపరీక్ష, ఫైలేరియా కోసం రాత్రిపూట రక్తపరీక్ష చేయించాలి. ఈ నేల మీద పుట్టిన వైద్యజ్ఞానం ఈ నేల రోగులకు అందాలంటే అదే దారి.