మస్టరులో పేరు

ఉగాదినాడు పంచాంగము విప్పి ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చూచుకొనుట మనవారికి వాడుక. ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని వినగానే గుండె గుభేలుమనినా, నవ్వుకొని పచ్చడి తిని లేచిపోతాము. కాని ఉన్నపాటున పని పోయినవాని ఇంట ఆ లెక్క నవ్వులాట కాదు. హోసూరు పారిశ్రామికవాడను నమ్ముకొని వచ్చిన మన కుటుంబములకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. అట్టివానికి సర్కారు ఏమి ఇచ్చును? ఇచ్చుట ఎప్పుడు మొదలైనది? ఎవరికి అందినది, ఎవరికి అందలేదు? ఈ ప్రశ్నలకు జవాబు వెదకుచు పోగా మాకు ప్రతి మలుపులోను ఒకే వస్తువు ఎదురైనది. అది మస్టరు పుస్తకము.

కథను ధాత కరువుతో మొదలు పెట్టవలెను. 1876లో ధాత, 1877లో ఈశ్వర, ఈ రెండు సంవత్సరముల పేర్లు చెప్పిన మన పెద్దలు దండము పెట్టుకొనెడివారు. అరవవారు దానినే తాతు వరుష పంజం అందురు. అప్పటికి హోసూరు, కృష్ణగిరి తాలూకాలు సేలము జిల్లాలోనివి. 1871 జనాభా లెక్కలలో ఆ జిల్లాలో దాదాపు 19 లక్షల 67 వేల మంది యుండగా, 1881లో లెక్కించినప్పుడు 16 లక్షలకు లోపే తేలినారు. చచ్చినవారెందరో, దేశాంతరము పోయినవారెందరో! ఆనాడు నిరుద్యోగి అను మాట వాడుకలో లేదు. కాని పొలములో పని దొరకని కూలివాడు, గుడ్డ కొనువాడు లేక మగ్గము ఆపిన నేతగాడు నిరుద్యోగులు గాక మరెవరు? ధాన్యము ఎక్కడో ఒకచోట ఉన్నను, దానిని కొనుటకు వారి చేతిలో కూలి లేదు.

దొరతనమువారు కరువు పనులు తెరచినారు. చెరువులో మన్ను తీయుట, రోడ్డుకు కంకర కొట్టుట. పనికి వచ్చినవాని పేరు మస్టరులో ఎక్కును, పేరున్నవానికే కూలి. ఆ కూలి ఎంత ఉండవలెననునది పెద్ద తగవైనది. 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి చెన్నపట్నము వచ్చి, మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్ది చిల్లర చాలునని తగ్గించినాడు. రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ ఒప్పుకొనలేదు. కంకర కొట్టు మనిషికి పౌనున్నరయైనను కావలెనని, పప్పు కూడ పెట్టవలెనని వాదించినాడు. కొన్ని నెలలకు టెంపుల్ కూలి రద్దయినది. కార్నిష్ దొర గెలిచినాడని సంతోషింతుమా, ఆ కొన్ని నెలలలో పోయిన ప్రాణములను తలచి ఊరకుందుమా?

ఆ దుఃఖములోనుండి పుట్టినవే 1880 నాటి కరువు కమిషను, 1883 నాటి కరువు చట్టావళి. పని అడిగినవానికి పని చూపవలెనను మాట మొదటిసారి సర్కారు పుస్తకములకు ఎక్కినది. మన సీమలో చిన్నబండి రైళ్లు పడినదియు కరువు భయముతోనే. 1905లో తిరుపత్తూరునుండి కృష్ణగిరికి, మరుసటి ఏడు మొరప్పూరునుండి ధర్మపురికి, 1913 నాటికి అక్కడినుండి హోసూరుదాకా ఆ రైళ్లు వచ్చినవి. పని లేనినాడు కూలివాడు పని ఉన్నచోటికి పోవుటకును, గింజలు వానివద్దకు వచ్చుటకును అవి ఉపయోగించునని తలంపు. రెండవ మహాయుద్ధము నాటికి పట్టాలు ఊడబీకినారు. ఆ దారి ఎక్కడెక్కడ పోయినదో చెప్పగలవారు ఇప్పుడు అరుదు.

ఇదే కాలములో సీమదేశములో వ్యవహారము మరొక దారి పట్టినది. ఇంగ్లండులో 1911 నాటి చట్టము ప్రకారము ఓడలు కట్టువారు, ఇండ్లు కట్టువారు, యంత్రములు చేయువారు మొదలగు ఇరువది రెండు లక్షలకు పైబడిన కార్మికులకు నిరుద్యోగ బీమా ఏర్పడినది. పని పోయినవానికి వారమునకు ఏడు షిల్లింగులు. జర్మనీలో 1927లో వచ్చినది. మన దేశమునకు కూడ వలెనా అని విట్లీగారి రాయల్ కమిషను విచారించి, 1931లో ఇక్కడ అది సాధ్యము కాదని చెప్పినది. కార్మికుడు పల్లెనుండి వచ్చును, పని లేకున్న పల్లెకు పోవును అను భావము ఆనాటి పాలకులలో బలముగా ఉండెను. పల్లెలో వానికి మిగిలినదేమి అని అడిగినవారు తక్కువ.

ఇక్కడ మన తాలూకాకును, మన భాషకును గౌరవము తెచ్చు ఒక సంగతి చెప్పవలెను. 1937లో చెన్నపట్నములో ప్రధానియైన రాజగోపాలాచారిగారు హోసూరు చేరువనున్న తొరపల్లిలో, గ్రామ మునసబుగారి ఇంట 1878లో పుట్టినవారు. ఆయన మంత్రివర్గములో కార్మికశాఖ చూచినవారు మన వరాహగిరి వేంకటగిరిగారు. స్వరాజ్యము వచ్చిన తరువాత 1952లో ఆయనయే కేంద్రములో కార్మికమంత్రి అయినారు. బట్టల మిల్లులలో సరుకు పేరుకొనిపోయి షిఫ్టులు మూయుచున్న కాలమది. 1953 అక్టోబరులో ఆర్డినెన్సుగా, వెంటనే చట్టముగా పారిశ్రామిక వివాదముల శాసనమునకు కొత్త అధ్యాయము చేరినది. తాత్కాలికముగా పని ఆపి కూర్చుండబెట్టిన సగము జీతము. ఉద్వాసన చెప్పిన ఒక నెల నోటీసు, చేసిన ఒక్కొక్క ఏటికి పదునైదు రోజుల జీతము. ఆరేండ్లు పనిచేసినవానికి తొంబది రోజుల జీతమన్నమాట. మరుసటి ఏడే బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయమై గిరిగారు మంత్రిపదవి వదలుకొన్నారు. ఆ అధ్యాయము మాత్రము డెబ్బది ఏండ్లు నిలిచినది.

అయితే అందులో ఒక మెలిక ఉన్నది. సగము జీతము ఎవరికి? మస్టరు రోలులో పేరుండి, ఏడాది నిండినవానికి. బదలీవానికి లేదు, క్యాజువలువానికి లేదు, ఏబదిమందికి తక్కువ పనిచేయు చోట అసలే లేదు. ధాత కరువునాటి పుస్తకమే మరల తెరచుకొన్నది! పైగా ఈ పరిహారమంతయు యజమాని ఇచ్చునది. యజమాని తాళము వేసి పోయిన? రాజ్యాంగము 41వ అధికరణములో నిరుద్యోగులకు సర్కారు సహాయము అను మాట 1950 నుండియు ఉన్నది. ఆర్థికశక్తి పరిమితికి లోబడి అను తోక కూడ దానికి ఉన్నది.

ఈ చట్టము వచ్చిననాటికి హోసూరులో ఏమున్నది? రాగి చేలు, చింతతోపులు, 1824 నాటి పశువుల ఫారము. 1965లో ధర్మపురి వేరు జిల్లా అయినది. 2004లో కృష్ణగిరి జిల్లా దానినుండి విడివడినది. ఈ నడుమ, 1970ల లోనే, సిప్కాట్ వారు హోసూరులో స్థలములు చదునుచేసి పారిశ్రామికవాడ వేసినారు. 1980 ప్రాంతమున అశోక్ లేలాండు లారీలు, టీవీయస్ మోపెడులు, ఆ దశాబ్దము చివరిభాగములో టైటాన్ గడియారములు. కుప్పము, పలమనేరు, మదనపల్లె వైపునుండి మనవారు బస్సులెక్కి వచ్చినారు. వారికన్న ముందే తరతరములుగా ఇక్కడ తెలుగు మాటాడు పల్లెలుండుట చేత ఈ ఊరు వారికి పరాయిది కాలేదు.

కార్మిక బీమా, అనగా ఇ.యస్.ఐ., 1952లో కాన్పూరు, ఢిల్లీలలో మొదలైనదైనను చాలకాలము రోగమునకు, ప్రసూతికి, గాయమునకే పరిమితము. పని పోవుట దాని దృష్టిలో రోగము కాదు! 2005 ఏప్రిలు 1 నుండి రాజీవ్ గాంధీ శ్రామిక కల్యాణ యోజన పేర, కర్మాగారము మూతపడినను, ఉద్వాసన చెప్పినను, బీమా ఉన్నవానికి సగము జీతము భృతిగా వచ్చినది. మొదట ఆరు నెలలకే. తరువాత రెండేండ్లదాకా పొడిగించి, రెండవ ఏడు పాతికవంతు చేసినారు. 2018 జూలైలో అటల్ బీమిత వ్యక్తి కల్యాణ యోజన వచ్చినది. జీవితములో ఒక్కసారి, తొంబది రోజులదాకా, సగటు కూలిలో పాతికవంతు.

2019 సెప్టెంబరులో లారీల గిరాకి పడిపోయి అశోక్ లేలాండు పని లేని దినములు ప్రకటించినప్పుడు హోసూరు వాటాకు వచ్చినవి ఐదు. పెద్ద కర్మాగారము ఐదు దినములు ఆగిన, దానికి విడిభాగములు చేయు చిన్న షెడ్లలో ఎన్ని దినములు ఆగునో లెక్క వ్రాయువారు లేరు. ఆరు నెలలకు మహమ్మారి వచ్చి అన్నియు మూయించినది. అప్పుడు, 2020 మార్చి 24 నుండి, ఆ పాతికవంతును సగము చేసి, తొంబది రోజులు ఆగనక్కరలేకుండ ముప్పది రోజులకే అడుగవచ్చునన్నారు. గడువు పెట్టి పొడిగించుచు వచ్చిన పథకము గనుక ఇప్పటి గడువును శాఖా కార్యాలయములో అడిగి తెలిసికొనవలెను. తమిళనాడు సర్కారువారి నిరుద్యోగ సహాయముతో దీనిని కలపరాదు. ఆ సహాయము ఉపాధి కార్యాలయములో పేరు నమోదై ఐదేండ్లు ఎదురు చూచినవారిది. చాలకాలము నెలకు 200 రూపాయలు మొదలు పట్టభద్రులకు 600 దాకా ఉండినది. చేయుచున్న పని పోయినవానిది కాదు.

మేము గమనించినంతలో మనవారు పోగొట్టుకొనుచున్నది చట్టము లేక కాదు, కాగితము లేక. కాంట్రాక్టరు చేతి క్రింద పనిచేయువాడు తనకు ఇ.యస్.ఐ. లేదనుకొనును. కాని కాంట్రాక్టరు కట్టకున్న అసలు యజమానియే కట్టవలెనని 1948 నాటి చట్టమే చెప్పినది. మొన్న వానకాలములో కుప్పమువైపు కుర్రవాడొకడు మా సంఘమునకు వచ్చినాడు. ఒక చిన్న షెడ్డులో మూడేండ్లు లేతు మిషను నడిపినాడు. ఒకనాడు గేటువద్ద కాగితము చేతికిచ్చి, సంతకము చేసిన పాతబాకీ జీతమిచ్చెదమన్నారట. అరవములో ఉన్నది, చదువరాదు. సంతకము చేసినాడు. చదివించి చూడగా, తానే ఇష్టపడి పని మానుకొనుచున్నానని ఉన్నది. ఆ ఒక్క సంతకముతో మూడేండ్ల ఉద్వాసన పరిహారము, నలుబదియైదు రోజుల జీతము, నీళ్లపాలు. "అన్నా, అది జీతము రసీదనుకొంటిని" అన్నాడు. మా పెద్దలలో ఒకరు కోపపడినారు గాని, మేమైనను ఆ గేటువద్ద మరేమి చేసియుందుము?

2025 నవంబరు 21న పాత చట్టములు పోయి నాలుగు కొత్త కోడులు అమలులోనికి వచ్చినవి. ఏటికి పదునైదు రోజుల లెక్క నిలిచినది. ఉద్వాసనకు సర్కారు అనుమతి కావలసిన కర్మాగారము పరిమాణము నూరుమందినుండి మూడువందలకు పెరిగినది. హోసూరు షెడ్లకు అదియు ఇదియు అందని లెక్కలే. కొత్తగా చేరినది నైపుణ్యనిధి. ఉద్వాసనకు గురియైనవాని పేర మరి పదునైదు రోజుల జీతము యజమాని నిధికి కట్టవలెను. నలుబదియైదు రోజులలో అది వాని ఖాతాకు రావలెను. నియామకపత్రము అందరికిని ఇచ్చి తీరవలెననుటయు ఈ కోడులలోనిదే. మస్టరులో పేరు లేదనిపించుకొన్నవానికి అన్నిటికన్న విలువైనది మా దృష్టిలో అదే.

ఆ కుర్రవాని సంగతి ముగించలేదు. వాని పాత జీతము చీటీలు తిరుగవేయగా ఒకదానిలో ఇ.యస్.ఐ. కోత కనబడినది, దాని ప్రక్కనే బీమా నంబరు. తనకు అట్టి నంబరొకటి ఉన్నదని వానికి తెలియనే తెలియదు. యజమాని మారినను ఆ నంబరు మారదని చెప్పి వ్రాయించి పంపినాము. ఇప్పుడు వాడు మరొక చోట పనిలో ఉన్నాడు. చేరిననాడే కొత్త మేస్త్రీకి ఆ నంబరు చూపి, "అన్నా, దీనిలోనే కట్టండి" అన్నాడట.